వీసా రిజెక్ట్ అయితే అప్పీల్ ఎలా చేయాలి? ముందు చేతికిచ్చిన కాగితం చదవండి

"పిన్నీ, రిజెక్ట్ అయింది" అని మా అక్క కొడుకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ బయట నుంచి ఫోన్ చేశాడు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి గుంటూరు చేరాడు. పదింటికల్లా మా బావ వాణ్ణి వెంటబెట్టుకుని బ్రాడీపేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, "అప్పీల్ వేద్దాం, 40,000 అవుతుంది" అన్నారట. డబ్బు కట్టే ముందు నాకు ఫోన్ చేశాడు, అదే నయమైంది. వాడికి ఇచ్చిన కాగితంలో సెక్షన్ 214(బి) అని ఉంది, అంటే ముఖ్యంగా చదువయ్యాక వెనక్కొస్తాడని ఆఫీసర్‌కి నమ్మకం కుదరలేదని. అమెరికా స్టూడెంట్ వీసా గానీ విజిటర్ వీసా గానీ ఆ సెక్షన్ కింద తిరస్కరిస్తే అప్పీల్ అన్నదే లేదు.

అందుకే మొదటి పని, కాగితంలో గానీ మెయిల్‌లో గానీ ఏ కారణం రాశారో, అప్పీల్ గురించి ఏమన్నారో, ఏ తేదీ వేశారో చూడటం. చాలామంది దరఖాస్తులో ఏజెంట్ మెయిల్ ఐడీయే ఉంటుంది. రిజెక్షన్ వాళ్లకి వస్తుంది, మనకి పది రోజుల తర్వాత తెలుస్తుంది. గడువు మాత్రం మన కోసం ఆగదు. లాగిన్, పాస్‌వర్డ్ ఈరోజే అడిగి తీసుకోండి. మీ పేరుతో ఏం నింపారో మొత్తం చదవండి.

రెండో పని, ఏ దేశానికి ఏ దారి ఉందో తెలుసుకోవడం.

అమెరికా 214(బి) అయితే మళ్లీ అప్లై చేయడమే దారి. కొత్త డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం) నింపాలి, 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి. అదే రకం వీసాకి 12 నెలల్లోపు మళ్లీ వెళ్తే సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా వసూలు చేసేది) మాత్రం రెండోసారి కట్టక్కర్లేదు. ఇన్ని రోజులు ఆగాలన్న రూలేమీ లేదు. కానీ అవే కాగితాలు, అవే జవాబులతో వారంలోనే వెళ్తే ఫలితం మారుతుందని ఆశ పెట్టుకోకండి. కాగితం మీద 221(జి) అని ఉంటే కంగారు పడొద్దు. వాళ్లు ఇంకేవో పత్రాలు అడుగుతున్నారని గానీ, ఫైలు ఇంకా పరిశీలిస్తున్నారని గానీ అర్థం. అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇస్తే కొత్త ఫీజు ఉండదు.

బ్రిటన్ స్టూడెంట్ వీసాకి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ఉంది, అంటే ఇచ్చిన నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగడం. ఇక్కడి నుంచి అప్లై చేసినవాళ్లకి గడువు 28 రోజులు, ఫీజు 80 పౌండ్లు. అయితే అది ఆఫీసర్ చేసిన తప్పు సరిదిద్దడానికే. ఉదాహరణకి, ఖాతాలో డబ్బు వరసగా 28 రోజులు నిలవ ఉండాలి. మీ స్టేట్‌మెంట్‌లో అది సరిగ్గా ఉన్నా ఆఫీసర్ లెక్క తప్పితే రివ్యూ వేయండి. మధ్యలో ఒక్కరోజు హాస్టల్ అడ్వాన్స్ కట్టి బ్యాలెన్స్ తగ్గిపోయిందా, తప్పు మనదే. రివ్యూ డబ్బు దండగ, కొత్తగా అప్లై చేయండి. రివ్యూ నడుస్తుండగా కొత్త దరఖాస్తు వేస్తే రివ్యూ రద్దవుతుంది, కాబట్టి రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. విజిటర్ వీసాకి ఈ రివ్యూ లేదు. భార్యాభర్తల వీసా లాంటి వాటికి ట్రిబ్యునల్‌లో అప్పీల్ ఉంటుంది, దానికీ 28 రోజులే.

కెనడా అయితే ముందు ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించుకోండి, అసలు కారణం అందులో ఉంటుంది. ఫెడరల్ కోర్టుకి వెళ్లాలంటే 60 రోజుల్లోపు వెళ్లాలి, అక్కడి లాయరు సాయం తీసుకోవడం మంచిది. గెలిచినా జడ్జి వీసా ఇవ్వరు, ఫైలు మరో ఆఫీసర్ దగ్గరికి పంపిస్తారు.

జర్మనీ కాన్సులేట్‌కే అభ్యంతరం రాసి పంపే పద్ధతి 2025 జూలై 1 నుంచి లేదు. ఇప్పుడు కొత్త దరఖాస్తు, లేదా బెర్లిన్‌లో కోర్టు.

ఇక మన దగ్గర ఎక్కువగా దెబ్బ కొట్టేది డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న. మా బావది మిర్చి వ్యవసాయం. యార్డులో సరుకు అమ్మిన 9 లక్షలు ఒకేరోజు ఖాతాలో వేశాడు. కష్టార్జితమే, కానీ స్టేట్‌మెంట్ చూసేవాళ్లకి అది ఊడిపడ్డ డబ్బులా కనిపిస్తుంది. కమిషన్ దుకాణం ఇచ్చిన పట్టీ (అమ్మకం బిల్లు), కోల్డ్ స్టోరేజీ బాండు, పట్టాదారు పాస్‌బుక్ నకలు, ఏ తేదీన ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మారో చెప్పే ఒక పేజీ లెటర్, ఇవన్నీ కలిపి పెట్టుకోండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

రివ్యూ గానీ కొత్త దరఖాస్తుకి వివరణ గానీ రాసేటప్పుడు మీ కష్టాలు ఏకరువు పెట్టకండి. వాళ్లు రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించండి, దాని కిందే మీ జవాబు, ఆ జవాబుకి రుజువు ఏ పేజీలో ఉందో రాయండి. పాత రిజెక్షన్‌ని దాచకండి. ఫారంలో అడుగుతారు, వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది.

ఇది చేతులు జోడించి చెబుతున్నాను. "బ్యాలెన్స్ మేం చూపిస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేం తెస్తాం" అన్నవాళ్ల మాట వినొద్దు. దొంగ పత్రం దొరికితే బ్రిటన్ 10 ఏళ్లు, కెనడా 5 ఏళ్లు రానివ్వవు. అమెరికా అయితే జీవితాంతం తలుపు మూసేయగలదు. ఒక్కసారి రిజెక్ట్ అయినవాడికి దారి ఉంటుంది, ఈ ముద్ర పడినవాడికి దాదాపు ఉండదు.

ఇవన్నీ చూసుకుంటూనే అదేరోజు యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. సీటు తర్వాతి ఇన్‌టేక్‌కి మారుస్తారా, కట్టిన డిపాజిట్ వెనక్కిస్తారా అని అడగండి. దానికి రిజెక్షన్ లెటర్ కాపీ కావాలంటారు. మావాడు ఆ సాయంత్రమే రాశాడు, ఐ-20 (అమెరికా యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) జనవరికి మార్చి ఇచ్చారు.