పింటరెస్ట్ తెరిచే ముందు జాతరకు వెళ్లండి
క్యారెక్టర్ డిజైన్ అసైన్‌మెంట్ అనగానే యానిమేషన్ పిల్లలమంతా బొమ్మల ఐడియాల కోసం ముందు పింటరెస్ట్ సైట్ తెరుస్తాం. తిరుపతిలో ఉంటే ఆ పని కాస్త ఆపండి. మేలో గంగమ్మ జాతరకు చిన్న స్కెచ్‌బుక్కు పట్టుకెళ్లండి. అక్కడ భక్తులు వేషాలు వేసుకుని వస్తారు: బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. దూరం నుంచే ఏ వేషమో తెలిసిపోతుంది, మనకు కావాల్సింది అదే. ఫోటోలు తర్వాత. ముందు ఒక్కో మనిషిని 30 సెకన్లలో గీయండి. నడక, భుజాల వాలు దొరికితే చాలు, ముఖం అక్కర్లేదు. (జనం తోస్తారు, గీత వంకరపోతుంది, పోనీండి.) ఇంటికొచ్చాక వాటి నుంచి ఓ 20 చిన్న బొమ్మలు, లోపలంతా నల్లగా నింపి, నీడల్లా వేయండి. ఎవరికైనా చూపించి ఇదెవరని అడగండి. చెప్పలేకపోతే ఆ బొమ్మ తీసేయడమే. ప్రతి బొమ్మ పక్కనా ఏ వేషమో, ఎక్కడ చూశారో రాసుకోండి. రెండు వారాలకే నేను మర్చిపోయా.