సంగటి కెలికినా కదలని పొయ్యి: కారు ప్రయాణాలకు గ్యాస్ స్టవ్వు ఎంచుకోవడం, కడుక్కోవడం

స్టవ్వు కొనడానికి అంగడికి పోయే ముందు ఒకసారి వంటింట్లోకి పోయి, ప్రయాణంలో వాడబోయే పెద్ద గిన్నె అడుగు టేపుతో కొలవండి. ఐదారుగురికి అన్నం వండే గిన్నె అడుగు 22 నుంచి 24 సెంటీమీటర్లు ఉంటుంది. మన ఇళ్లలో సంగటి కూడా ఉంటుంది. అరకిలో రాగిపిండి, గుప్పెడు బియ్యం, రెండు లీటర్ల నీళ్లు, గిన్నె బరువు అన్నీ కలిస్తే నాలుగు కిలోలకు తగ్గదు. అంత బరువును కట్టెతో పక్కలకు నెట్టి కెలుకుతాం. గండికోటలో రెండు రోజులు గుడారం వేసుకునేవాళ్లు తెచ్చుకునే చిన్న స్టవ్వుల్లో చాలావరకు ఈ ఒక్క పరీక్షకు నిలబడవు. కాబట్టి గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పోసి, అంగట్లోనే స్టవ్వు మీద పెట్టించి, అంచును గెరిటెతో గట్టిగా నెట్టి చూడండి. కాళ్లు జారినా, పైన ఇనుప స్టాండు ఊగినా అది టీకి మాత్రమే పనికొచ్చే స్టవ్వు.

ఏ రకం ఎందుకు

బ్రీఫ్‌కేసు లాంటి పెట్టెలో వచ్చి, పక్కన చిన్న గ్యాస్ డబ్బా పడుకోబెట్టే స్టవ్వు అందరికీ తెలిసిందే. డబ్బాలో 220 గ్రాముల దాకా బ్యూటేన్ ఉంటుంది. పూర్తి మంట మీద గంటన్నరకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. టీ, ఉగ్గాని తాలింపు, గుడ్లు, పాప పాలు, వీటికి ఇంతకన్నా సుఖమైనది లేదు. ఎత్తు తక్కువ కాబట్టి పడిపోదు. చిక్కంతా డబ్బా పొయ్యి పక్కనే ఉండటంలో ఉంది. పెద్ద పెనమో, వెడల్పు బాండ్లో పెడితే దాని అడుగు డబ్బా గది మీదికి వస్తుంది. వేడి కిందికి కొట్టి డబ్బా కాలుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. మంచి స్టవ్వుల్లో ఒత్తిడి మితిమీరితే డబ్బాను తనంతట తాను బయటికి నెట్టేసే ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడు అది ఉందో లేదో అడగండి. ఉన్నా సరే, గిన్నె అంచు డబ్బా మూత మీదికి రాకూడదు. రెండు స్టవ్వులు ఆనించి పెట్టి ఒకే పెద్ద పెనం వేయడం మరీ ప్రమాదం.

మర బిగించి డబ్బా నెత్తినే పెట్టుకునే అరచేతంత బర్నర్లు కొండలెక్కే కుర్రాళ్లకు సరిపోతాయి. పిల్లలు తిరిగే చోట సంగటి గిన్నె వాటి మీద పెట్టకండి.

కుటుంబానికి అన్నిటికన్నా నమ్మకమైనది 5 కిలోల సిలిండరు, విడిగా ఒక స్టవ్వు, మధ్యలో ట్యూబు. ఇండేన్ ఛోటూ, హెచ్.పి. అప్పు పేర్లతో వచ్చే ఈ సిలిండర్లు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఇంటి కనెక్షన్ పుస్తకం అక్కర్లేదు. రెగ్యులేటరు కూడా సిలిండరు ఇచ్చినచోటే తీసుకుంటే వాల్వుకు సరిపోతుందా లేదా అన్న అనుమానం ఉండదు. ట్యూబు ఐ.ఎస్.ఐ. గుర్తున్న, లోపల తీగ అల్లిన నారింజరంగుదే కొనండి, ఒకటిన్నర మీటరు పొడవున్నది. ఐదేళ్లకొకసారి మార్చాలి. ఎండలో తిప్పే ట్యూబును ఇంకా ముందే, వంచి చూసినప్పుడు పగుళ్లు కనబడగానే పారేయడం మేలు.

సిలిండరు తీసుకునేటప్పుడు పైన పట్టీ లోపలివైపు చూడండి. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెల సంఖ్య ఉంటాయి. 'ఎ' అంటే మార్చి, 'బి' జూన్, 'సి' సెప్టెంబరు, 'డి' డిసెంబరు. 'సి 28' అని ఉంటే 2028 సెప్టెంబరు దాకా దాని పరీక్ష గడువు ఉన్నట్టు. గడువు దాటినదాన్ని తీసుకోకండి. మూత తీయించి వాల్వు లోపల నల్లటి రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. రెగ్యులేటరు పెట్టగానే బుస్సుమని చప్పుడు వస్తే చాలాసార్లు తప్పు ఆ రింగుదే.

ఇక సంతలో దొరికే పిల్ల సిలిండరు సంగతి. నెత్తిన బర్నరు బిగించి, ఇంటి సిలిండరు నుంచి గ్యాసు ఎక్కించి అమ్ముతుంటారు. అలా ఎక్కించడం చట్టప్రకారం నేరం. ఎంత నింపారో కొలత ఉండదు. గొంతుదాకా నింపితే ఎండకు గ్యాసు ఉబ్బడానికి లోపల చోటు మిగలదు. ఏప్రిల్‌లో కర్నూలు ఎండకు కారు డిక్కీలో ఆ వస్తువు ఉండటం ఊహించుకోండి. ధర సగమే అన్నా వద్దు.

బజ్జీల బండ్ల మీద వాడే ఇనుప బట్టీ స్టవ్వు చవక, గట్టిది, సంగటికి కదలదు. కానీ దాని జెట్టు, అంటే గ్యాసు చిమ్మే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క, ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరుకు చేసింది. ఇంటి రెగ్యులేటరు పెడితే మంట నీరసంగా ఉంటుంది. అలాగని ఇంటి స్టవ్వుకు ఆ రెగ్యులేటరు పెట్టారా, మంట బర్నరు వదిలి పైకి లేస్తుంది. రెండిటినీ కలపకండి.

ఎంత గ్యాసు

గాలి లేనిచోట లీటరు నీళ్లు మరగడానికి దాదాపు 15 గ్రాముల గ్యాసు పడుతుంది. గాలికి అడ్డు లేకపోతే అదే పని 30 గ్రాములు తింటుంది. ఐదుగురికి మూడుసార్లు టీ, ఒకపూట అన్నం పప్పు, ఒకపూట సంగటి పులుసు అనుకుంటే రోజుకు 250 నుంచి 300 గ్రాములు పెట్టుకోవాలి. రెండు రోజులకు డబ్బా స్టవ్వు అయితే మూడు డబ్బాలు, పైన ఒకటి. 5 కిలోల సిలిండరు ఇలాంటి రెండు రోజుల ప్రయాణాలు ఎనిమిదింటికి వస్తుంది. ఉదయం ఉగ్గాని పెట్టుకుంటే సగం గ్యాసు మిగిలినట్టే. బొరుగులు నానితే చాలు, మంట కావాల్సింది తాలింపుకే.

పెట్టే చోటు

అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మన వైపు గాలి మంటను పక్కకు తోసేస్తుంది, గిన్నె అడుగు ఒకవైపే కాలుతుంది. ట్యూబు ఉన్న స్టవ్వుకు మూడువైపులా రేకు నిలబెట్టుకోవచ్చు, సిలిండరు మాత్రం రేకు బయట, గాలి వచ్చే వైపు, ట్యూబు అందినంత దూరంలో ఉండాలి. డబ్బా స్టవ్వు చుట్టూ రేకు కట్టకూడదు, వేడి మళ్లీ డబ్బాకే తగులుతుంది. కారును గాలికి అడ్డంగా ఆపి, రెండడుగులు ఎడంగా దాని మాటున వండుకోవడం నయం.

ఇసుక నేల మీద, గరుకు రాళ్ల మీద పెట్టొద్దు. ఇళ్లు కట్టేచోట మిగిలిన కడప బండ ముక్క, అడుగున్నర పొడవు అడుగు వెడల్పు ఉన్నది, డిక్కీలో వేసుకోండి. ఏడు కిలోల బరువుంటుంది, స్టవ్వు కాళ్లు నిశ్చలంగా నిలబడతాయి, ఎండుగడ్డికి వేడి తగలదు. ఆ బండ మీద నేరుగా కట్టెల మంట మాత్రం వేయకండి, చిట్లి పెచ్చులు ఎగురుతాయి.

గ్యాసు గాలికన్నా బరువు, కారితే పల్లానికి పాకుతుంది. గుంతలో, గట్టు కింద సిలిండరు పెట్టొద్దు. గుడారం లోపల, అద్దాలెత్తిన కారులో వండితే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. వాన వచ్చినా లోపలికి తీసుకుపోవద్దు, అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే ఏం పోదు.

డబ్బా బిగించేటప్పుడు దాని అంచు మీది గాటు పైకి, స్టవ్వులోని గుర్తుకు ఎదురుగా ఉండాలి. డబ్బాలో వంగిన గొట్టం ఒకటి ఉంటుంది, గాటు పైకి ఉంటేనే దాని మూతి పైభాగంలోని ఆవిరిని పీలుస్తుంది. తిరగబడితే ద్రవమే బర్నరుకు వచ్చి మంట మోకాలెత్తు లేస్తుంది. ట్యూబు స్టవ్వుకు అగ్గిపుల్ల గీసే ముందు గ్లాసు నీళ్లలో చెంచా గిన్నెల సబ్బు కలిపి, సిలిండరు దగ్గర గ్యాసు తెరిచి, ప్రతి అతుకు మీద పూయండి. బుడగ పెరుగుతుంటే అక్కడ కారుతున్నట్టు. అగ్గిపుల్లతో వెతికే అలవాటు ఇంకా కొందరికి ఉంది, మానుకోవాలి.

అహోబిలం ఎగువన ఉన్నది నల్లమల. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు వెలిగించడం నేరం, గ్యాసు మంటే కదా అన్న వాదన అక్కడ చెల్లదు. కింద ఊళ్లో, సత్రంలో వండుకుని పైకి కట్టుకుపోండి. మంత్రాలయానికి రైల్లో పోతూ ఖాళీ సిలిండరైనా, నిండు డబ్బా అయినా సంచిలో దాచుకోకండి. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిదిమంది చనిపోయింది లోపలికి తెచ్చుకున్న సిలిండరు వల్లే.

కడగడం

ప్రయాణం నుంచి వచ్చిన రోజే కడగాలి. పాలు, గంజి, సంగటి మరకలు రెండ్రోజులు ఆగితే ఇనుములా అంటుకుంటాయి. ముందు సిలిండరు దగ్గర గ్యాసు కట్టేసి, ట్యూబులో మిగిలిన గ్యాసు మండి ఆరిపోయేదాకా స్టవ్వు వెలిగే ఉంచండి. అరగంట చల్లారాక రెగ్యులేటరు, లేదా డబ్బా, విడదీయండి.

ఇత్తడి బర్నరు మూతలకు చింతపండే మందు. నిమ్మకాయంత చింతపండు, చెంచా ఉప్పు అరలీటరు వేడినీళ్లలో పిసికి, మూతలు 20 నిమిషాలు నాననివ్వండి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ప్రతి రంధ్రంలో కొబ్బరి ఈనె దూర్చి తీయండి. ఉప్పు, పులుపు నిలిస్తే లోహాన్ని తింటాయి, అందుకని రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. తర్వాత బోర్లించి పూట ఎండలో పెట్టాలి. రంధ్రాల్లో తడి ఉంటే మంట టపటపమంటూ పసుపుగా మండి, తప్పు ఎక్కడుందో అని అనవసరంగా వెతికిస్తుంది. కింద ఉండే పోత ఇనుప బర్నరును నానబెట్టకూడదు, తుప్పు పడుతుంది. పొడి తీగ బ్రష్‌తో గీకి, దులిపితే చాలు. అల్యూమినియం పళ్లేనికి సోడాపొడి తగిలితే నల్లబడుతుంది. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ వాడండి. స్టీలు మీద మొండి మరకకు తడిగుడ్డ పావుగంట వేసి ఉంచి, తర్వాత సోడాపొడి ముద్ద పట్టించి తుడవచ్చు. స్టవ్వు మీద చెంబుతో నీళ్లు గుమ్మరించడం మాత్రం ఏ రకానికీ పనికిరాదు.

జెట్టు దగ్గర చేయి తడబడకూడదు. ఆ ఇత్తడి ముక్కకున్న రంధ్రం మిల్లీమీటరు కన్నా తక్కువే. పిన్నీసు, సూది పెట్టి తిప్పితే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, గ్యాసు ఎక్కువ వచ్చి గాలి చాలక మంట పసుపు తిరుగుతుంది, గిన్నెలకు మసి పడుతుంది. ముందు నోటితో గట్టిగా ఊదండి. పోకపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒకటి తీసి, తిప్పకుండా, ఒకసారి లోపలికి పెట్టి బయటికి లాగండి. రాగి మెత్తన, పోగే వంగుతుంది గానీ ఇత్తడి అరగదు.

ఎన్నో నెలలు అటక మీద పడి ఉన్న స్టవ్వుకు ఇంకో పని ఉంటుంది. జెట్టు నుంచి బర్నరు దాకా పోయే గొట్టంలో సాలీడు గూడు కడుతుంది, కుమ్మరి పురుగు మట్టి పూస్తుంది. వెలిగించగానే మంట పైన రాకుండా కింద జెట్టు దగ్గరే గుర్రుమని మండితే కారణం చాలావరకు అదే. వెంటనే ఆపి, చల్లారాక సీసాలు కడిగే బ్రష్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, మట్టి అంతా దులపండి. మంట బర్నరును వదిలి పైకి ఎగురుతుంటే, ఆ గొట్టం మొదట్లో గాలి లోపలికి పోయే చోటున్న చిన్న రేకు మరీ తెరుచుకుందని అర్థం, కాస్త మూయండి. పసుపు కొనలు కనిపిస్తే కాస్త తెరవండి.

చలికాలం తెల్లవారుజామున డబ్బా స్టవ్వు మంట చిన్నదైపోతే చెడిపోయిందనుకోకండి. గ్యాసు ఆవిరవుతూ డబ్బాను చల్లబరుస్తుంది, బయట చలి తోడైతే ఒత్తిడి పడిపోతుంది. ఇంకో డబ్బా పెట్టి దీన్ని పది నిమిషాలు పక్కన ఉంచండి. మంట దగ్గర కాచొద్దు.

నాబు బిగుసుకుంటే కొబ్బరినూనె వేసేవాళ్లున్నారు. అది జిగటై దుమ్ము పట్టుకుంటుంది. వాల్వుకు వేరే గ్రీజు ఉంది, స్టవ్వులు బాగుచేసేవాళ్ల చేత వేయించాలి. చిటుక్కుమనే నాబు వెలగకపోతే తెల్ల పింగాణీ ముక్కను పొడిగుడ్డతో తుడవండి. దాని తీగ కొన బర్నరుకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

దాచేటప్పుడు డబ్బాను స్టవ్వులో వదలకండి. విడదీసి, మూత పెట్టి, 50 డిగ్రీలు దాటని నీడలో ఉంచాలి. మూసిన కారులో ఎండాకాలం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే, మూత బిగించి. బర్నరు గొట్టం మూతికి పాత గుడ్డ ముక్క కట్టి స్టవ్వును గోనెసంచిలో పెడితే కుమ్మరి పురుగుకు చోటుండదు, వెలిగించే ముందు ఆ గుడ్డ తీయడం మరిచిపోకండి. ఖాళీ డబ్బాలో మిగిలింది పూర్తిగా మండిపోయాక, ఊపి చూసి చప్పుడు లేదని నిర్ధారించుకుని పాత ఇనుప సామానువాళ్లకు ఇవ్వండి. చలిమంటలో మాత్రం ఎవరూ వేయకుండా చూసుకోండి.