బైక్ దొంగతనం క్లెయిమ్ రిజెక్ట్ అయిందా? అంబుడ్స్‌మన్ దాకా ఇలా వెళ్ళండి

బైక్ పోయిన బాధ ఒకటైతే, నెలల తరబడి కాగితాల కోసం తిప్పించుకుని చివరికి "మీ క్లెయిమ్ చెల్లదు" అని ఒక పేజీ లెటర్ పంపితే వచ్చే మంట ఇంకొకటి. ఆ కోపంలో చాలామంది కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరుస్తారు, లేదా సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేసి తిడతారు. తిట్టుకోండి, తప్పులేదు, కానీ దానితో పైసా రాలదు. ఆ లెటర్‌లో రాసిన కారణానికి, ఆ ఒక్క కారణానికే, కాగితం మీద సూటిగా జవాబు ఇస్తే కదులుతుంది ఫైలు. మిగతాదంతా ఆ జవాబు ఎవరికి (ముందు కంపెనీకి, తర్వాత బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్ అనే అధికారికి), ఏ వరసలో, ఏ గడువులోపల ఇవ్వాలన్నదే.

అన్నిటికంటే ముందు పాలసీ బయటికి తీయండి. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి 5 ఏళ్ళ థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) తప్పనిసరి అయింది. షోరూమ్‌లో ఎక్కువగా అంటగట్టేది "ఒకటి ప్లస్ ఐదు" పాలసీ: థర్డ్ పార్టీ 5 ఏళ్ళు, దొంగతనం కవరయ్యే ఓడీ (ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టం) భాగం మాత్రం ఒక్క ఏడాదే. పాలసీ మీద ఐదేళ్ళ తర్వాతి చివరి తేదీ కనిపిస్తుంది కాబట్టి ఇన్సూరెన్స్ నడుస్తూనే ఉందనుకుని, రెండో ఏడాది ఓడీ రెన్యూవల్ చేయించనివాళ్ళు కోకొల్లలు. బండి పోయిన రోజుకి ఓడీ లేకపోతే ఎక్కడికి వెళ్ళినా లాభం లేదు, చదవడం ఇక్కడే ఆపేయొచ్చు. ఉందంటే ముందుకు వెళ్దాం.

లెటర్‌లో ఏం రాశారో చూడండి

ఫోన్లో "సార్, రిజెక్ట్ అయిందండీ" అంటే ఒప్పుకోకండి. పాలసీలోని ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమని మెయిల్ పెట్టండి. ఆ లెటర్ తేదీ నుంచే మీ గడువులు లెక్కకొస్తాయి, అందుకని అది వచ్చిన కవర్ కూడా పారేయకండి.

"అడిగిన డాక్యుమెంట్లు ఇవ్వలేదు కాబట్టి ఫైల్ క్లోజ్ చేశాం" అని వచ్చే లెటర్ మాత్రం వేరే రకం. అది అసలు తిరస్కరణ కాదు. అడిగినవి జత చేసి ఫైల్ మళ్ళీ తెరవమని రాస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. మామూలుగా ఆగేది పోలీసుల ఫైనల్ రిపోర్ట్ దగ్గర, అంటే "వెతికాం, దొరకలేదు" అని వాళ్ళు కోర్టులో వేసే రిపోర్ట్. అది మన చేతిలో ఉండేది కాదు, స్టేషన్ రైటర్‌ని వదలకుండా అడుగుతూ ఉండాల్సిందే. ఈలోగా "పోలీసుల నుంచి ఇంకా రాలేదు, రాగానే పంపుతాను" అని కంపెనీకి అప్పుడప్పుడు మెయిల్ పెడుతూ ఉంటే, రేపు ఆలస్యం మీదే అన్నప్పుడు ఆ మెయిల్సే అక్కరకొస్తాయి. కేవలం డాక్యుమెంట్లు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2024 మాస్టర్ సర్క్యులర్‌లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది కూడా.

ఆలస్యంగా చెప్పారు అంటే

బైక్ దొంగతనాల్లో ఎక్కువగా వినపడే కారణం ఇదే, మనం బలంగా నిలబడగలిగేది కూడా దీని మీదే. పాలసీ మొదటి షరతులో పోలీసులకీ కంపెనీకీ వెంటనే తెలియజేయాలని ఉంటుంది. నిజ జీవితంలో ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. బండి కనపడకపోతే ముందు వీధంతా తిరుగుతాం, ఫ్రెండ్ ఎవడైనా తీసుకెళ్ళాడేమో అని ఫోన్లు చేస్తాం, నో పార్కింగ్ అని ట్రాఫిక్ వాళ్ళు ఎత్తుకుపోయారేమో అని వాళ్ళ దగ్గర వాకబు చేస్తాం, స్టేషన్‌కి వెళ్తే పిటిషన్ తీసుకుని "రెండు రోజులు చూద్దాం, దొరక్కపోతే ఎఫ్ఐఆర్ చేద్దాం" అంటారు, ఈ టెన్షన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ గుర్తొచ్చేది ఎప్పటికో.

2020 జనవరి 24న గుర్షిందర్ సింగ్ వర్సెస్ శ్రీరామ్ జనరల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీం కోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ చిక్కు తీర్చేసింది. అక్కడ పోయింది ట్రాక్టర్. ఎఫ్ఐఆర్ అదే రోజు అయింది, కంపెనీకి చెప్పింది మాత్రం 52 రోజుల తర్వాత. పోలీసులకి వెంటనే ఫిర్యాదు చేసి, దొంగతనం నిజమేనని తేలినప్పుడు, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే చూపించి నిజమైన క్లెయిమ్‌ని కొట్టేయకూడదన్నది తీర్పు సారం. 2022లో జైనా కన్‌స్ట్రక్షన్ కేసులో లారీ యజమాని కంపెనీకి చెప్పడానికి 5 నెలలు పట్టినా కోర్టు ఇదే మాట మళ్ళీ చెప్పింది. కోర్టుల సంగతి సరే, కేవలం ఆలస్యం సాకుతో క్లెయిమ్స్ తిరస్కరించకండని కంపెనీలకి ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబర్ 20నే సర్క్యులర్ పంపింది.

అయితే తీర్పులో "పోలీసులకి వెంటనే" అన్న ముక్కని మర్చిపోవద్దు. ఎఫ్ఐఆరే ఆలస్యంగా ఉంటే మీ పని పోలీసులకి మొదట ఎప్పుడు చెప్పారో చూపించడం. పిటిషన్ ఇచ్చిన రోజు రసీదు, 100కి గానీ 112కి గానీ చేసిన కాల్ ఫోన్లో ఉంటే దాని స్క్రీన్‌షాట్, ఆ రోజు కానిస్టేబుల్‌తో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు, అన్నీ పనికొస్తాయి. ఎఫ్ఐఆర్ లోపల కూడా ఫిర్యాదు అందిన తేదీ, సమయం ఉంటాయి, పైన ఉన్న తేదీ ఒక్కటే చూసి వదిలేయకుండా మొత్తం చదవండి.

తాళంచెవులు, ఇంకా మిగతా కారణాలు

కంపెనీ రెండు తాళాలూ అడుగుతుంది. ఒకటే ఇస్తే "రెండోది బండికే వదిలేశారు, జాగ్రత్త తీసుకోలేదు" అని రాసేస్తారు. ఇక్కడ ఇన్వెస్టిగేటర్ అనే మనిషి ముఖ్యం. ఇంటికొచ్చి మర్యాదగా మాట్లాడి, టీ తాగి, ఇంగ్లీషులో తనే రాసుకున్న స్టేట్‌మెంట్ ఇచ్చి సంతకం పెట్టమంటాడు. చదవకుండా పెట్టొద్దు. ఇంగ్లీష్ ఇబ్బందైతే మీ స్టేట్‌మెంట్ మీరే తెలుగులో రాసి ఇవ్వండి, ఫోటో తీసి పెట్టుకోండి. రెండో తాళం ఎప్పుడో పోయి ఉంటే ఆ మాటే మొదటి నుంచీ చెప్పండి, డూప్లికేట్ చేయించిన బిల్లు ఉంటే జత చేయండి. కంగారులో ఎక్కడి నుంచో తాళం తెచ్చి ఇస్తే, అది మీ బండిది కాదని పరీక్షలో తేలిన రోజున న్యాయమైన క్లెయిమ్ కూడా మోసం కింద జమైపోతుంది.

నిజంగానే తాళం బండికే ఉండిపోయిందా, అప్పుడు కూడా అంతా పోయినట్టు కాదు. చిన్న చిన్న ఉల్లంఘనలకి క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టకుండా 75 శాతం చెల్లించే పద్ధతి ఉంది, నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంట్ అంటారు. 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో, 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీం కోర్టు దీన్ని ఒప్పుకుంది. 2023లో అశోక్ కుమార్ కేసులో, జాగ్రత్త తీసుకోలేదని కంపెనీ తిరస్కరించిన లారీ దొంగతనానికి కూడా 75 శాతం ఇప్పించింది. మీది ఇలాంటి కేసైతే "మొత్తం ఇవ్వండి, కుదరని పక్షంలో నాన్ స్టాండర్డ్ కింద అయినా ఇవ్వండి" అని రెండూ అడగండి.

గెలవడం కష్టమైనవీ ఉన్నాయి, దాచి లాభం లేదు. టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) గడువు అయిపోయి పర్మనెంట్ రిజిస్ట్రేషన్ చేయించకుండా తిప్పుతున్న బండి పోతే, 2021లో సుశీల్ కుమార్ గోదారా కేసులో సుప్రీం కోర్టు కంపెనీ పక్షమే నిలిచింది. సెకండ్ హ్యాండ్ బండి కొని ఆర్‌సీ మీ పేరుకి మార్చుకుని, పాలసీని మాత్రం పాత ఓనర్ పేరు మీదే వదిలేసినా అంతే.

కంపెనీకి మొదటి లెటర్

పాలసీ కాపీలో గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ మెయిల్, అడ్రస్ ఉంటాయి. ఆ ఆఫీసర్‌కి రాయండి, కస్టమర్ కేర్‌కి కాదు. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపండి. కథంతా అక్కర్లేదు, ఈ మాదిరిగా ఉంటే చాలు:

"ఫలానా తేదీ రాత్రి మా అపార్ట్‌మెంట్ ముందు హ్యాండిల్ లాక్ వేసి పెట్టిన నా బైక్ తెల్లారేసరికి కనిపించలేదు. ఆ ఉదయమే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, రసీదు జత చేస్తున్నాను. ఎఫ్ఐఆర్ కాపీ, ఫైనల్ రిపోర్ట్, రెండు తాళాలు మీకు ఇప్పటికే అందాయి. మీకు ఆలస్యంగా తెలియజేశానన్న ఒకే కారణంతో క్లెయిమ్ తిరస్కరించారు. దొంగతనం జరగలేదని మీ లెటర్‌లో ఎక్కడా అనలేదు. గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు ప్రకారం ఈ కారణం నిలబడదు. కాబట్టి తిరస్కరణను వెనక్కి తీసుకుని, ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) మొత్తాన్ని వడ్డీతో సహా చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

పైన పాలసీ నంబర్, క్లెయిమ్ నంబర్, తిరస్కరణ లెటర్ తేదీ వేయండి. కంపెనీ 2 వారాల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, 155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు. దీని మీద మరీ ఆశ పెట్టుకోకండి. ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది కదా, వెళ్ళి కలిస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. వాళ్ళు మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడతారు అంతే, ఎవరిది తప్పో తేల్చే పని వాళ్ళది కాదు.

అంబుడ్స్‌మన్

తేల్చేది ఇక్కడ. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, అసలు లాయర్లని రానివ్వరు కూడా. కాబట్టి "అంబుడ్స్‌మన్ కేసు మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి" అనే మధ్యవర్తులతో పనే లేదు.

కంపెనీకి లెటర్ రాసి ఒక నెల దాటినా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబుతో తృప్తి లేకపోతే, ఏడాదిలోపు ఇక్కడికి రావాలి. ఇదే వివాదం మీద కోర్టులో గానీ కన్స్యూమర్ కమిషన్‌లో గానీ కేసు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్ళకి హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉన్న ఆఫీసే. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడ బైక్ పోగొట్టుకున్న మనవాళ్ళు, అక్కడే నివాసం ఉంటే బెంగళూరు అంబుడ్స్‌మన్‌కి ఇచ్చుకోవచ్చు. మీరు ఉండే చోటుని బట్టో, కంపెనీ బ్రాంచ్ ఉన్న చోటుని బట్టో పరిధి తేలుతుంది.

కౌన్సిల్ ఫర్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మెన్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, పోస్ట్‌లోనూ పంపొచ్చు. పాలసీ, తిరస్కరణ లెటర్, మీరు కంపెనీకి రాసిన లెటర్, వాళ్ళ జవాబు, ఎఫ్ఐఆర్, ఫైనల్ రిపోర్ట్, ఐడీ ప్రూఫ్ జత చేయాలి. తర్వాత ఒక సమ్మతి ఫారం పంపుతారు, ఎంత కోరుతున్నారో అందులో నింపాలి, అక్కడ ఐడీవీ అంకె సరిగ్గా వేయండి. బండి కొన్న ధర వేస్తే కుదరదు, కొన్న ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే తప్ప. హియరింగ్ వీడియోలో కూడా జరుగుతుంది. కంపెనీ మనిషి ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ చదువుతాడు, మీరు తేదీలు వరసగా చెప్పాలి, అందుకే తేదీల కాగితం ఒకటి ముందు పెట్టుకుని కూర్చోండి.

కావలసిన కాగితాలన్నీ అందాక 3 నెలల్లో అవార్డు, అంటే తీర్పు, ఇవ్వాలి. అనుకూలంగా వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. అవార్డు కంపెనీని కట్టిపడేస్తుంది, మిమ్మల్ని కాదు. ఓడిపోయినా కన్స్యూమర్ కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది, బైక్ క్లెయిమ్స్‌కి ముందు ఇక్కడికే రమ్మని నేను చెప్పేది అందుకే.

జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి 2 ఏళ్ళ గడువు ఉంటుంది. అంబుడ్స్‌మన్ దగ్గర ఎంత కాలం గడిచినా మీ లెక్క తిరస్కరణ తేదీ నుంచే వేసుకోండి, అప్పుడు భయం ఉండదు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి (e-Jagriti) పోర్టల్ ద్వారా ఇంటి నుంచి కూడా. ఇక్కడ విలువ చూసేది కట్టిన ప్రీమియం బట్టి, 5 లక్షల లోపు ఫీజు లేదు. మానసిక వేదనకి పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగొచ్చు, అంబుడ్స్‌మన్ దగ్గర ఆ అవకాశం ఉండదు. కాకపోతే వాయిదాల మీద వాయిదాలకి సిద్ధపడాలి.

బైక్ మీద లోన్ ఉంటే ఈ గొడవ నడుస్తున్నన్నాళ్ళూ ఈఎంఐ ఆపకండి, ఆపితే సిబిల్ స్కోర్ మీది పోతుంది. క్లెయిమ్ డబ్బు వచ్చినప్పుడు ముందు ఫైనాన్స్ వాళ్ళ బాకీ పోయాకే మిగతాది మీకు. ఆర్‌టీఏకి కూడా బండి పోయిందని రాసి ఇవ్వండి, అప్పుడప్పుడు మీ నంబర్ మీద ఈ-చలానా పడిందేమో చూడండి, పడితే ఆ ఫోటో తీసుకెళ్ళి స్టేషన్‌లో ఇవ్వండి. డబ్బు అందుకునే ముందు బండి బదిలీకి వాడే 28, 29, 30 ఫారాలు, సబ్రోగేషన్ లెటర్ (బండి మీద మీ హక్కులు కంపెనీకి అప్పగించే పత్రం) మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఆ తర్వాత బైక్ దొరికితే అది కంపెనీదే. డబ్బు రాకముందే దొరికితే మాత్రం ఆ రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, కోర్టు నుంచి విడిపించుకున్న బండికి ఏమైనా డ్యామేజీ ఉంటే అదే పాలసీ కింద రిపేర్ ఖర్చు అడగవచ్చు.