పార్లమెంటు పత్రాలు చదవడం – నాలుగో పాఠం: రక్షణ శాఖ పద్దుల్లో తేడాను పట్టుకోవడం

గత పాఠంలో బడ్జెట్ అంచనా (ఏడాది మొదట్లో కేటాయించినది), సవరించిన అంచనా (ఏడాది మధ్యలో మార్చినది), వాస్తవ వ్యయం (చివరికి ఖర్చయినది) అనే మూడు నిలువు వరుసలను పక్కపక్కన పెట్టి చదవడం సాధన చేశాం. ఆ సాధననే ఈసారి రక్షణ మంత్రిత్వ శాఖకు వర్తింపజేద్దాం. ఈ శాఖను ఎంచుకోవడానికి కారణం ఉంది. రక్షణ అనగానే ‘అదంతా రహస్యం కదా’ అన్న మాట అడ్డు వచ్చి, శ్రద్ధగల పాఠకులు కూడా పత్రం తెరవకుండానే వెనుదిరుగుతారు. ఏ ఆయుధం ఎక్కడ మోహరించి ఉన్నదన్నది రహస్యమే, అది రహస్యంగానే ఉండాలి. కానీ ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, అందులో ఎందరు పనిచేస్తున్నారు, ఎంత సొమ్ము అడిగారు, ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్న లెక్కల్లో చాలా భాగం పార్లమెంటు ముందుకు వచ్చి, అచ్చయి, ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది. చదవగలిగినదాన్ని చదవకుండా వదిలేయడం వల్ల సైన్యానికి మేలు జరగదని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు చేతిలో ఉండవలసిన పత్రాలు. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చినప్పుడు రక్షణ మంత్రిత్వ శాఖ ఖర్చు ఒకే పద్దుగా కాక నాలుగు పద్దులుగా వస్తుంది: పౌర విభాగం, రక్షణ దళాల రెవెన్యూ వ్యయం, రక్షణ దళాల మూలధన వ్యయం, రక్షణ పింఛన్లు. 2025–26 బడ్జెట్ అంచనాలో ఈ నాలుగూ కలిసి 6,81,210.27 కోట్ల రూపాయలు. అందులో రెవెన్యూ వ్యయం 3,11,732.30 కోట్లు, మూలధన వ్యయం 1,80,000 కోట్లు, పింఛన్లు 1,60,795 కోట్లు, పౌర విభాగం 28,682.97 కోట్లు. పత్రికల శీర్షికల్లో కనిపించేది మొదటి అంకె ఒక్కటే. ‘రక్షణకు ఆరు లక్షల ఎనభై వేల కోట్లు’ అని చదివిన పాఠకుడికి అదంతా ఆయుధాలకే అన్న భావన కలుగుతుంది. నిజానికి కొత్త విమానాలు, నౌకలు, ఆయుధాలు కొనేది మూలధన పద్దు నుంచే, అది మొత్తంలో సుమారు 26 శాతం. పింఛన్లు దాదాపు 24 శాతం. జీతాలు, ఇంధనం, మందుగుండు, మరమ్మతులు రెవెన్యూ పద్దులో ఉంటాయి. కాబట్టి మొదటి అలవాటు ఇది: మొత్తం అంకె చూడగానే దాన్ని నాలుగుగా విడగొట్టాలి. స్థూల దేశీయోత్పత్తిలో ఇంత శాతం అని ఎవరైనా చెప్పినప్పుడు కూడా, ఆ లెక్కలో పింఛన్లు కలిపారా లేదా అని చూడాలి, లేకపోతే రెండు వేర్వేరు లెక్కలను ఒకటిగా పోల్చే ప్రమాదం ఉంటుంది.

ఈ పద్దుల మీద లోక్‌సభలో పూర్తి చర్చ జరుగుతుందని అనుకోకూడదు. సమయం చాలక, చర్చకు రాని పద్దులన్నింటినీ చివరి రోజున ఒకేసారి ఓటుకు పెట్టి ఆమోదించే పద్ధతి ఉంది. దాన్ని గిలెటిన్ అంటారు. రక్షణ పద్దులు కూడా ఎన్నోసార్లు ఆ దారినే వెళ్లాయి. అందుకే అసలు పరిశీలన జరిగే చోటు సభ కాదు, రక్షణ స్థాయీ సంఘం. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో ఏర్పడ్డాయి. ఒక్కో సంఘంలో 31 మంది సభ్యులుంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులు సభ్యులు కాలేరు. బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో సంఘం శాఖకు రాతపూర్వకమైన ప్రశ్నలు పంపుతుంది, అధికారులను పిలిచి వాంగ్మూలం తీసుకుంటుంది, ఆపైన నివేదిక ఇస్తుంది. రోజువారీ పాలన విషయాల్లో అది జోక్యం చేసుకోదు, కోత తీర్మానాల (పద్దు మొత్తాన్ని తగ్గించాలని కోరే ప్రతిపాదనల) వంటివి సూచించదు, దాని సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. ఈ పరిమితులు తెలిసి చదివితేనే నివేదికలోని మర్యాదభరితమైన భాష వెనుక ఉన్న అసంతృప్తి పట్టుబడుతుంది. ‘సంఘం ఆశిస్తోంది’ అనడానికీ, ‘సంఘం తీవ్రంగా విచారిస్తోంది’ అనడానికీ చాలా దూరం ఉంది.

ఇప్పుడు డబ్బు. గత పాఠంలో మూడు వరుసలు పోల్చాం. రక్షణలో వాటికి ముందు నాలుగోది ఒకటి చేరుతుంది: దళాలు అడిగిన మొత్తం, అంటే ప్రతిపాదన. బడ్జెట్ పత్రంలో అది కనిపించదు. స్థాయీ సంఘం నివేదికలోని పట్టికల్లో మాత్రం దొరుకుతుంది, ఆ నివేదికల విలువలో సగం అక్కడే ఉంది. అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య తేడా ఒక కథ చెబుతుంది, ఇచ్చినదానికీ ఖర్చయినదానికీ మధ్య తేడా దానికి పూర్తిగా వేరైన కథ చెబుతుంది. మొదటి తేడా పెద్దదైతే ప్రశ్న ఆర్థిక మంత్రిత్వ శాఖ వైపు, ప్రభుత్వ ప్రాధాన్యాల వైపు వెళ్లాలి. రెండోది పెద్దదైతే ప్రశ్న రక్షణ మంత్రిత్వ శాఖ వైపే, దాని కొనుగోలు ప్రక్రియ వైపే వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపేసి ‘నిధులు చాలడం లేదు’ అనడం అన్నిటికంటే సాధారణంగా కనిపించే తప్పు. 2024–25నే తీసుకోండి. మూలధన పద్దుకు బడ్జెట్ అంచనా 1,72,000 కోట్లు, సవరించిన అంచనా 1,59,500 కోట్లు. ఏడాది మధ్యలోనే 12,500 కోట్లు తగ్గింది. ఆ ఏడాది గురించి ‘ఇంకా ఎందుకు ఇవ్వలేదు?’ అని మాత్రమే అడిగితే జవాబు సగమే వస్తుంది. ‘ఇచ్చిన సొమ్ములో ఏ కొనుగోళ్లు ఆగాయి, ఏ దశలో ఆగాయి?’ అన్నది దానికి జోడించాలి.

ఇంకొక ఉదాహరణ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే రక్షణ పద్దులు చదవడంలో అన్నిటికంటే కఠినమైన భావన అందులో ఉంది. 2018లో మేజర్ జనరల్ బి.సి. ఖండూరి (విశ్రాంత) అధ్యక్షతన ఉన్న స్థాయీ సంఘం ముందు అప్పటి సైన్య ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ వాంగ్మూలం ఇచ్చారు. సైన్యం దగ్గరున్న పరికరాల్లో 68 శాతం పాతకాలంనాటివని, 24 శాతం ప్రస్తుత తరానివని, 8 శాతం మాత్రమే అత్యాధునికమైనవని ఆయన సంఘానికి తెలిపారు. ఆ శాతాలు వార్తల్లో బాగా వచ్చాయి. కానీ పాఠకుడు పట్టుకోవలసిన అంకెలు వేరే ఉన్నాయి. ఆధునికీకరణకు సైన్యానికి కేటాయించినది 21,338 కోట్లు, అప్పటికే కుదుర్చుకున్న ఒప్పందాల కింద ఆ ఏడాది చెల్లించవలసినది 29,033 కోట్లు. అంటే ఒక్క కొత్త కొనుగోలు కూడా మొదలుపెట్టకముందే 7,695 కోట్లు తక్కువ. ఇలా ముందే కట్టుబడిన చెల్లింపులను ‘నిబద్ధ బాధ్యతలు’ అంటారు. ఆయుధ ఒప్పందాల సొమ్ము ఒక్క ఏడాదిలో చెల్లించేది కాదు, తయారీ దశలను బట్టి ఐదేళ్లకో పదేళ్లకో విస్తరిస్తుంది. కనుక ఈ ఏడాది కేటాయింపు నిరుటికంటే పెరిగినంత మాత్రాన కొత్త కొనుగోళ్లకు చోటు పెరిగిందని చెప్పలేం. మూలధన కేటాయింపు ఎంత అన్న ప్రశ్న వెంటనే, అందులో నిబద్ధ బాధ్యతలు పోగా మిగిలేది ఎంత అన్న ప్రశ్న కూడా రావాలి. నివేదికల్లో ఈ రెండో అంకె కనిపించని ఏడాది వస్తే, అది లేదన్న సంగతినే ఒక ప్రశ్నగా రాసుకోండి.

సిబ్బంది లెక్కకు వద్దాం. ఇక్కడ చదవవలసినవి మంజూరైన సంఖ్య, వాస్తవంగా ఉన్న సంఖ్య. 2025 మార్చిలో స్థాయీ సంఘం పార్లమెంటుకు సమర్పించిన వివరాల ప్రకారం, వైద్య, దంత విభాగాల వంటివి మినహా సైన్యంలో మంజూరైన అధికారుల పోస్టులు 50,538, ఉన్నవారు 42,095. లోటు 16.71 శాతం. జూనియర్ కమిషన్డ్ అధికారులు, ఇతర శ్రేణుల్లో (అంటే జవాన్లు మొదలైనవారిలో) మంజూరైనవి 11,97,520, ఉన్నవారు 11,05,110, లోటు 92,410, అంటే 7.72 శాతం. పైపైన చూసేవారికి 92,410 అన్న అంకే భయం కలిగిస్తుంది. కానీ రెండు లోట్లూ ఒకే స్వభావం గలవి కావు. అధికారుల కొరత ఎక్కువగా కెప్టెన్, మేజర్ స్థాయుల్లో, అంటే యూనిట్లలో జవాన్లను నేరుగా నడిపించే చోట పడుతుంది. ఒక్కో అధికారిని తయారు చేయడానికి ఏళ్ల శిక్షణ కావాలి కాబట్టి నిధులిచ్చినంత మాత్రాన అది ఏడాదిలో తీరదు. రెండో లోటులో కొంత భాగానికి ప్రత్యేక కారణం ఉంది. కోవిడ్ కాలంలో రెండేళ్లు సైన్యంలో నియామకాలు ఆగిపోయాయి, పదవీ విరమణలు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చి నియామక పద్ధతే మారిపోయింది. ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్న రెండు అంకెలకు రెండు వేర్వేరు కారణాలు, రెండు వేర్వేరు కాలవ్యవధులు ఉండవచ్చని గుర్తుంచుకుంటే, అడిగే ప్రశ్న కూడా రెండుగా విడిపోతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఖాళీలు తగ్గాయని శాఖ చెప్పినప్పుడు, ఉన్నవారి సంఖ్య పెరిగి తగ్గాయా, మంజూరైన పోస్టులనే తగ్గించినందువల్ల తగ్గాయా అన్నది చూడాలి. మొదటిది నియామకం, రెండోది పునర్వ్యవస్థీకరణ. రెండోది తప్పని చెప్పడం లేదు, అవసరం లేని పోస్టులు రద్దు చేయడం మంచి నిర్వహణే కావచ్చు. కానీ దాన్ని నియామకంగా చదివితే మోసపోయేది మనమే.

పారదర్శకత విషయం ఇంకొంచెం సున్నితమైనది. లోక్‌సభ నియమాల్లో 270వ నియమం సంఘాలకు వ్యక్తులను, పత్రాలను పిలిపించుకునే అధికారం ఇస్తూనే, దేశ భద్రతకో ప్రయోజనాలకో భంగం కలుగుతుందనిపిస్తే పత్రం ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించవచ్చని కూడా చెబుతుంది. సమాచార హక్కు చట్టం 8(1)(ఎ) విభాగం కూడా భద్రతకు సంబంధించిన సమాచారానికి మినహాయింపు ఇస్తుంది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది, అంటే అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించినవి తప్ప మిగతా సమాచారం ఇవ్వవలసిన బాధ్యత దానికి లేదు. ఈ మినహాయింపులకు నేను వ్యతిరేకిని కాను. అయితే వాటి అంచు ఎక్కడ ఉందో ప్రతిసారీ అడగాలి. 2019 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక 36 రఫేల్ విమానాల ఒప్పందం గురించి ధరలు చెప్పకుండా, పోల్చిన ధర కంటే 2.86 శాతం తక్కువ అని శాతంలో మాత్రమే చెప్పింది. ఒప్పందం మంచిదా కాదా అన్న వాదన సంగతి పక్కన పెట్టండి. చదివే నేర్పు దృష్టితో చూస్తే, శాతం మాత్రమే ఇచ్చిన చోట పాఠకుడు స్వయంగా లెక్క సరిచూసుకునే వీలు పోతుంది. అప్పుడు చేయగలిగిన పని, ఆ శాతం దేనితో పోల్చి వచ్చిందో, ఆ పోలికలో ఏవి చేర్చారో, ఏవి వదిలేశారో నివేదికలోంచే వెతకడం.

చివరగా జవాబును చదవడం. స్థాయీ సంఘం సిఫారసులకు ప్రభుత్వం మూడు నెలల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబుల మీద సంఘం ఇచ్చే రెండో నివేదికను చాలామంది తెరవను కూడా తెరవరు. నేనైతే ముందు దాన్నే తెరుస్తాను. అందులో రెండో అధ్యాయంలో ప్రభుత్వం అంగీకరించిన సిఫారసులు, మూడో అధ్యాయంలో జవాబు చూశాక సంఘం వదిలేసినవి, నాలుగో అధ్యాయంలో సంఘం జవాబును ఒప్పుకోక మళ్లీ చెప్పినవి, ఐదో అధ్యాయంలో తాత్కాలిక జవాబులు మాత్రమే వచ్చినవి ఉంటాయి. మీ చూపు నాలుగు, ఐదు అధ్యాయాల మీద ఉండాలి. రెండో అధ్యాయాన్నీ అనుమానంతోనే చదవండి. ‘సంఘం సూచనను గమనించాము’ అన్న జవాబు కూడా అంగీకారం కింద జమ కావచ్చు. గమనించడానికీ అమలు చేయడానికీ మధ్య ఏం జరిగిందో తెలియాలంటే మరుసటి ఏడాది పద్దుల నివేదికలో అదే అంశం వెతకాలి.

అభ్యాసం: వరుసగా నాలుగేళ్ల రక్షణ పద్దుల నివేదికలు తీసుకుని, ఒక్క దళానికి మాత్రమే, మూలధన పద్దు కింద ప్రతిపాదన, బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అనే నాలుగు వరుసలు రాయండి. ప్రతి అంకె పక్కన అది దొరికిన పేరా సంఖ్య వేయండి. ఏ తేడా ఏటా మళ్లీ మళ్లీ వస్తోందో గుర్తించి, దాని మీద ఒక్క ప్రశ్న మూడు వాక్యాల్లో రాయండి: మొదటి వాక్యంలో అంకె, రెండోదాంట్లో శాఖ ఇదివరకు ఇచ్చిన జవాబు, మూడోదాంట్లో ఆ జవాబు తర్వాత కూడా తేడా ఎందుకు తగ్గలేదన్న అడుగు. ఉదాహరణకు, ‘2024–25లో మూలధన కేటాయింపు సవరించిన అంచనాలో 12,500 కోట్లు తగ్గింది. ఈ తగ్గుదలకు శాఖ సంఘానికి ఇచ్చిన కారణం ఇది. ఆ కారణాన్ని తొలగించడానికి తర్వాతి ఏడాది ఏ చర్య తీసుకున్నారు, ఏ తేదీకి?’ అన్న ఆకారంలో రావాలి. ‘ఏ తేదీకి’ అన్న రెండు మాటలు వదలకండి. అవి లేని ప్రశ్నకు ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు చాలా తేలికగా సరిపోతుంది.

ఐదో పాఠంలో ప్రజా పద్దుల సంఘం వైపు వెళ్దాం. ఖర్చయిపోయిన సొమ్మును కాగ్ నివేదిక ఆధారంగా అది ఎలా వెనక్కి తిరిగి ప్రశ్నిస్తుందో, మంజూరైనదానికి మించి ఖర్చు జరిగినప్పుడు రాజ్యాంగం 115వ అధికరణం కింద ఏం చేయాలో అక్కడ చూద్దాం. ఈ పాఠం కోసం రాసిన పట్టికను దాచిపెట్టుకోండి, దానితో అక్కడ పని పడుతుంది.