సీ ప్రోగ్రామ్‌ని వేరే ఓఎస్‌కి మార్చే ముందు: సిగ్నల్స్ జాగ్రత్తలు

సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఓఎస్ పంపే కబురు (కంట్రోల్-సీ నొక్కినప్పుడు వచ్చేది ఇలాంటిదే). అది రాగానే నడిచే మన ఫంక్షనే హ్యాండ్లర్. హ్యాండ్లర్‌లో ప్రింట్‌ఎఫ్ (తెరపై రాసేది), మాలాక్ (మెమరీ తెచ్చేది) పిలవకండి. ప్రోగ్రామ్ మాలాక్ మధ్యలో ఉండగా సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ కూడా అందులోకే వెళ్తే, తను పట్టుకున్న లాక్ (ఒకేసారి ఒక్కరే వాడేలా వేసే తాళం) కోసం తనే ఎదురుచూస్తూ బిగుసుకుపోవచ్చు. టెస్టింగ్‌లో ఇది సులువుగా దొరకదు, అదే టెన్షన్. హ్యాండ్లర్‌లో వొలటైల్ సిగ్_అటామిక్_టీ ఫ్లాగ్‌ని (సిగ్నల్ వచ్చిందని గుర్తుపెట్టే వేరియబుల్) 1 చేసి బయటికి రండి. మిగతా పని మెయిన్ లూప్ చూసుకుంటుంది.

యూనిక్స్ రకాల్లో (లినక్స్, మ్యాక్ లాంటివి) హ్యాండ్లర్‌ని పెట్టడానికి సిగ్నల్() బదులు సిగ్‌యాక్షన్() వాడండి. సిస్టమ్ ఫైవ్ అనే పాత యూనిక్స్ పద్ధతిలో సిగ్నల్()తో పెట్టిన హ్యాండ్లర్ ఒక్కసారికే. రెండో కంట్రోల్-సీకి ప్రోగ్రామ్ పోతుంది.

విండోస్‌లో సిగ్‌యాక్షన్ లేదు. సిగ్నల్()తోనే సరిపెట్టుకుని, హ్యాండ్లర్‌ని ప్రతిసారీ మళ్లీ పెట్టాలి. పైగా అక్కడ కంట్రోల్-సీ హ్యాండ్లర్ వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే మరో దారి) నడుస్తుంది.

కోడ్‌లో సిగ్నల్ నంబర్లు కాదు, పేర్లు రాయండి: సిగ్‌యూఎస్ఆర్1 (మన సొంత వాడకానికి వదిలిన సిగ్నల్) మామూలు పీసీ లినక్స్‌లో 10, మ్యాక్‌లో 30.

డేటా చదివే రీడ్() -1 ఇస్తే కంగారొద్దు. ఎర్ర్‌నో (లోపం కోడ్ ఉండే చోటు) ఈఐఎన్‌టీఆర్ (మధ్యలో సిగ్నల్ అడ్డొచ్చిందని అర్థం) అయితే మళ్లీ పిలవండి.