తాతగారి విమాన శిక్షణ జాడ వెదకడం

‘మా తాతగారు యుద్ధకాలంలో బేగంపేటలో విమానం నడపడం నేర్చుకున్నారట’ అనే మాటలోని ‘అట’ను తొలగించాలంటే పాత ట్రంకు పెట్టెతో మొదలుపెట్టాలి. రెండో ప్రపంచయుద్ధంలో భారత వాయుసేన ప్రాథమిక శిక్షణ పాఠశాలల్లో ఒకటి బేగంపేటలోనూ, మరొకటి జోధ్‌పూర్‌లోనూ ఉండేవి. అక్కడ టైగర్ మాత్ అనే శిక్షణ విమానం మీద చేయి తిరిగినవారిని తరువాతి దశకు అంబాలా పంపేవారు.

పైలట్ లాగ్‌బుక్ దొరికితే సగం పని అయినట్టే. ప్రతి వరుసలో తేదీ, విమానం రకం, దాని నంబరు, నడిపినవారి పేరు, అభ్యాసం, గాలిలో ఉన్న సమయం ఉంటాయి. మొదటి పేజీల్లో నడిపినవారి గడిలో బోధకుని పేరుండి, ఒకనాడు హఠాత్తుగా ‘సెల్ఫ్’ అని కనిపిస్తుంది. తాతగారు తొలిసారి ఒంటరిగా ఎగిరిన రోజు అదే. చివరి అట్టకు అంటించిన చీటీలను చాలామంది చూడనే చూడరు, కాని పైఅధికారులు ఆయన సామర్థ్యాన్ని సగటు అన్నారో, అంతకు మించినదన్నారో తెలిసేది వాటివల్లనే.

లాగ్‌బుక్ లేకపోతే పతకాలను తిరగేసి చూడండి. భారతదేశంలో ఇచ్చినవాటిపై సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉండవచ్చు. ఫొటోలో చొక్కాపై ఒంటి రెక్క బిళ్ల ఉంటే ఆయన పైలట్ కాదు, అబ్జర్వరో గన్నరో మరో విమాన సిబ్బందో అయి ఉంటారు. ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, కాని బిళ్ల అబద్ధమాడదు.

పేరును మాత్రం నమ్ముకోవద్దు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషు గుమాస్తా వెనక్కి నెట్టేవాడు, రావునే వంశనామం అనుకునేవాడు. నేనూ మా చిన్నతాతగారిని ఇంటిపేరు కింద వెదికి చాలా రోజులు వృథా చేసుకున్నాను. ఆయన ‘రావు’ల వరుసలో ఉన్నారు. అందుకే సర్వీసు నంబరు తెలిస్తే దానితోనే వెదకాలి.

అధికారుల నియామకాలు భారత ప్రభుత్వ గెజెట్‌లో వెలువడేవి; ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారానికి చెందిన అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెదకడం మంచిది. శిక్షణ పాఠశాలల దినచర్య పుస్తకాలకు లండన్ శివారు ‘క్యూ’లో ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఎయిర్ 29 శ్రేణిని అడగాలి. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో సేవాపత్రాలను ఆశించరాదు, ఎందుకంటే వాయుసేన బ్రిటిషిండియాది, నిజాముది కాదు. తాతగారు అంతకుముందు నిజాం కొలువులో ఉంటే మాత్రం ఆ ఉద్యోగపు ఉర్దూ ఫైళ్ల కోసం అక్కడికి వెళ్లవచ్చు. వాటిలో కనిపించే ఫసలీ (నిజాం పాలనలో వాడిన) సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది: 1350 ఫసలీ అంటే 1940-41.

ఇవన్నీ సేకరించాకనే ఢిల్లీలోని వాయుసేన కార్యాలయానికి ఉత్తరం రాయాలి. అందులో నంబరు, పేరు రాయగల అన్ని రూపాలు, శిక్షణ పొందిన ఊరు, మీ బంధుత్వానికి రుజువు ఉండాలి. లాగ్‌బుక్ అసలు ప్రతిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు.