తిరుపతి ఎండలో గేమింగ్ కంప్యూటర్: గ్రాఫిక్స్ కార్డు నుంచి ఎస్ఎంపీఎస్ దాకా

గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోదలచినవారు మొదట తేల్చుకోవలసింది మానిటర్. ప్రతి ఫ్రేములోనూ (తెరపై మారే ఒక్కో దృశ్యంలోనూ) బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంత పని చేయాలో చాలావరకు నిర్ణయించేది అదే. 1920×1080 (1080పీ) తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు (చుక్కలు) ఉంటే, 2560×1440 (1440పీ) తెరపై 36.9 లక్షలు, 4కే తెరపై దాదాపు 83 లక్షలు ఉంటాయి. కాబట్టి 4కే మానిటర్ కొన్నవారు నాలుగింతల భారాన్ని మోయగల కార్డుకు కూడా సిద్ధపడాలి.

1080పీ తెరకు ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 వంటి 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులతో చాలా ఆటలు హాయిగా నడుస్తాయి. 1440పీ తెరపై కొత్త ఆటలు ఆడాలనుకుంటే 12 లేదా 16 జీబీ ఉన్న కార్డు తీసుకోవడం మేలని నా అభిప్రాయం. కార్డులోని మెమరీ నిండిపోతే, మిగిలిన టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) కంప్యూటర్ ర్యామ్ నుంచి, కార్డును అమర్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గుండా రావలసి ఉంటుంది కనుక ఆట ఆగి ఆగి సాగుతుంది. అయితే జీబీలు ఎక్కువున్నంత మాత్రాన కార్డు వేగవంతమైనదని కాదు. 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060 కంటే 8 జీబీల 4060 చాలా ఆటల్లో వేగంగా నడుస్తుంది. పైగా మొదటిది 170 వాట్లు తీసుకుంటే, రెండవది 115 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే కార్డు తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. అందుకే ముందువైపు అద్దం మూసిన క్యాబినెట్ కాకుండా, జాలీ ఉండి గాలి ధారాళంగా ఆడేదాన్ని ఎంచుకోవాలి. కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోవాలి.

ప్రాసెసర్‌కు అతిగా ఖర్చు పెట్టనవసరం లేదు. తక్కువ బడ్జెట్‌కు డీడీఆర్4 ర్యామ్‌తో నడిచే రైజెన్ 5 5600 చాలు. ముందు ముందు ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకునేవారు ఏఎం5 (ఏఎండీ కొత్త రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) ఉన్న మదర్‌బోర్డు తీసుకోవచ్చు, కానీ దానికి డీడీఆర్5 ర్యామే పనికివస్తుంది. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్కగా కాకుండా రెండు 8 జీబీలుగా వేయించాలి.

దుకాణదారులు తరచుగా ధర తగ్గించి చూపేది కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గరే. ఇక్కడ మాత్రం రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. నాసిరకం ఎస్ఎంపీఎస్ చెడిపోతే తనతోపాటు మదర్‌బోర్డునూ కార్డునూ కూడా పాడుచేసే ప్రమాదం ఉంది. 4060 ఉన్న కంప్యూటర్‌కు ఆ కార్డు సంస్థ ఎన్విడియా సూచించేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్. పేరున్న సంస్థ తయారుచేసిన 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే ముద్ర) రకం తీసుకోవడం ఉత్తమం. కరెంటు తరచూ పోయి వచ్చే చోట యూపీఎస్ తప్పనిసరి, దాని సామర్థ్యాన్ని వీఏలో (వోల్ట్-యాంపియర్లలో) కాకుండా వాట్లలో చూడాలి.

ధరలు పోల్చుకోవడానికి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ మనకు మరీ దూరం కాదు. అయినా వారంటీ సమస్య వస్తే మళ్లీ అంత దూరం వెళ్లాలి కనుక, తేడా కొద్దిపాటిదే అయితే తిరుపతిలోనో చిత్తూరులోనో కొనడం నయం. ఎక్కడ కొన్నా సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కార్డయితే కనీసం అరగంట ఆట నడిపించి, ఉష్ణోగ్రతనూ ఫ్యాన్ల శబ్దాన్నీ గమనించాకే డబ్బు ఇవ్వాలి.

ఇంటికి తెచ్చాక రెండు పనులు మరువకూడదు. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్ వేగానికి సంబంధించిన ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే ర్యామ్ ప్యాకెట్‌పై రాసిన వేగంతో నడవదు. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి.